ప్రార్థన చేస్తున్నా భయం పోవడం లేదంటే విశ్వాసం చాలనట్లేనా?

మీ నాన్నకు డయాలసిస్ మొదలైందని, ఇంటి బరువంతా నీ మీదే పడిందని, ఎంత ప్రార్థన చేసినా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని రాశావు చెల్లీ. నాకు విశ్వాసం తక్కువా అని అడిగావు. 2019లో తిరుపతిలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని నేనూ నన్ను అదే అడుక్కున్నాను. అందుకే రాస్తున్నా.

మాది చిత్తూరు. మామిడి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలు తోలే లారీ మా ఆయనది. బీపీ ఉందని తెలుసు, మాత్రలు మాత్రం గుర్తొచ్చినప్పుడే. కాళ్లు వాచి, ఆయాసం ఎక్కువైతే తిరుపతికి తీసుకుపోయాం. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 9 దాటిందన్నారు. ఒకటి చుట్టుపక్కల ఉండాల్సిందట. ఆ రాత్రే మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ పెట్టారు.

సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రైజులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ రాత్రి ఒక్క వాక్యం గుర్తు రాలేదు. కళ్లు మూసుకుంటే లారీ కంతు, ఫైనాన్స్ వాళ్లు, పిల్లల ఫీజులు. "ప్రభువా" అన్నాను, ఆపైన మాట రాలేదు. రెండు రోజులుగా కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. పక్కన చాప మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగొచ్చిందేమో, నున్నటి గుండు, దాని మీద చందనం. లోపల వార్డులో మనవడు. నన్ను కాసేపు చూసి, క్యారియర్ తెరిచి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి నా ముందుకు జరిపింది. "తినమ్మా, తిని ఏడుద్దువులే" అంది. తిన్నాను. గోడకు ఆనుకుని రెండు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచాక బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు.

మొదటి రాజులు 19వ అధ్యాయం తీసి చూడు. కర్మెలు కొండ మీద అంత ధైర్యంగా నిలబడినవాడు యెజెబెలు రాణి బెదిరించగానే పారిపోయాడు. బదరీ చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు కోప్పడలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర కాల్చిన అప్పం, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా దూత లేపింది తినడానికే. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. శక్తికి మించిందని దూతే ఒప్పుకుంటున్నాడు చూడు! చిన్నప్పటి నుంచీ నేను ఆ మాట దాటేసి, ఆ తర్వాత వచ్చే గాలి, భూకంపం, దేవుని మెల్లని స్వరం దగ్గరికి పరుగెత్తేదాన్ని. నాకొచ్చిన దూతకు గుండు, చందనం అని మా సంఘంలో సాక్ష్యం చెబితే ఒకరిద్దరు ముఖం చిట్లించారు. చిట్లించుకోనీ.

భయం అంతటితో పోయిందనుకునేవు. పోలేదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద. మొదటి ఏడాది సెంటర్ తిరుపతిలోనే దొరికింది, దాదాపు 70 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నర బస్సులో 56వ కీర్తనలో ఒకే ఒక్క వాక్యం చెప్పుకునేదాన్ని: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పుడు దావీదు అన్నది. నాకు భయం లేదు అనలేదాయన, భయం వచ్చిన రోజున అన్నాడు. నాకు దొరికిన ధైర్యం కూడా ఏ రోజుకారోజు సరిపడేంతే. రేపటిది ఈ రాత్రే కావాలని అడిగినప్పుడల్లా నిద్ర చెడింది.

ఒక మాట గట్టిగా చెప్తా. ఊరూరా తిరిగే ఒక బోధకుడు ఇంటికొచ్చి, ఆ మిషన్ మానేసి విశ్వాసంతో నిలబడండి అన్నాడు. నేను తడబడ్డాను కూడా. మా అత్త ఊరుకోలేదు. "మా నాయనకు క్షయ వస్తే మదనపల్లె కాడ ఆరోగ్యవరం శానిటోరియంలోనే నయమైంది. అది పెట్టింది క్రైస్తవ మిషనరీలే కదా, ప్రార్థన ఒక్కటే చాలనుకుంటే ఆసుపత్రి ఎందుకు పెట్టారయ్యా?" అంది. నిజమే, మన పక్కనున్న వేలూరు సీఎంసీ ఆసుపత్రిని 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టింది కూడా ఆ విశ్వాసంతోనే. మా పాస్టరయ్య వేరే రకం. బండి మీద వచ్చి, డయాలసిస్ అయ్యేదాకా నా పక్కన కూర్చునేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపేది) ఎప్పుడమ్మా అని అడిగేవాడు. యోబు స్నేహితులు కూడా నోరు విప్పక ఏడు రోజులు కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు కదా!

ఫిస్టులా అంటే గుర్తొచ్చింది. మీ నాన్నకు చేతికి వేశాక ఆ చేతికి బీపీ చూడనివ్వకు, సూది వేయనివ్వకు, బరువులు మోయనివ్వకు. వేలు పెడితే జివ్వుమని తగలాలి, ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. నీరసం పోతుందని చుట్టాలు కొబ్బరినీళ్లు తెస్తారు, తాగనివ్వకు. అందులోని పొటాషియం గుండెకు ప్రమాదం. నీళ్ల లెక్క డాక్టర్నే అడుగు. డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. నెలకు 10,000 పింఛను కూడా ఉంది, కాగితాలు తీసుకుని సచివాలయంలో అడుగు. ఆ పింఛను వచ్చిన నెల నా ప్రార్థనలు కూడా కుదుటపడ్డాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇలాగే వారాల తరబడి నిద్ర లేకపోతే, బతకాలనిపించకపోతే, డాక్టర్‌కు చెప్పు. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు. ఏలీయాకే చావాలనిపించింది, నీకనిపిస్తే అది పాపమని దాచుకోకు.

మా ఆయన ఇప్పుడు లారీ నడపడు, ఇంటి ముందు చిన్న అంగడి పెట్టుకున్నాం. మాకు మంగళ, గురు, శనివారాలు, ఇప్పుడు చిత్తూరులోనే. మీ నాన్నకు ఏ రోజులో రాయి చెల్లీ, ఆయన పేరు కూడా. ఆ నాలుగు గంటలూ నాకు వేరే పనేమీ ఉండదు.