కంపెనీ న్యూజెర్సీ, ఉద్యోగం డాలస్: ఏ రాష్ట్రం చట్టం?

తాడిపత్రి నుంచి ఒక పెద్దాయన అడిగారు: "మావాడు టెక్సాస్‌లో ఎంఎస్ ముగించాడు. న్యూజెర్సీలోని ఒక కన్సల్టెన్సీ హెచ్‌-1బి వీసా చేయించింది, పని మాత్రం డాలస్‌లో. ఏడాదిన్నర లోపు మానేస్తే 15 వేల డాలర్లు కట్టాలని, రెండేళ్ల దాకా, వాళ్లు పనికి పంపిన క్లయింట్ కంపెనీలో చేరకూడదని అగ్రిమెంటులో రాశారు. ఇవి చెల్లుతాయా? ఇల్లు తాకట్టు పెట్టి చదివించినాం, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అన్నా, టెన్షన్ పడేంత లేదు, అట్లని కాగితం చదవకుండా వదిలేసేదీ కాదు. అక్కడ అన్నిటికీ ఒకటే అమెరికా చట్టం ఉండదు. వీసా సంగతి అక్కడి కేంద్ర ప్రభుత్వానిది. అగ్రిమెంటు చెల్లుతుందా లేదా, మానేసినాక ఆఖరి జీతం ఎప్పుడివ్వాలి, ఇంటి అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అనేవి ఎక్కువగా రాష్ట్రం చేతిలో ఉంటాయి. రాయదుర్గం, హిందూపురం వాళ్లకు ఇది తెలిసిన సంగతే. కర్ణాటక బోర్డరు దాటి పెట్రోలు పోయించుకుని వస్తారు కదా, కేఏ నంబరు కారును ఏడాదికి మించి ఇక్కడ తిప్పితే మళ్లీ రిజిస్ట్రేషన్, టాక్స్ అంటారు కదా. అమెరికాలో ఉద్యోగానికీ అద్దెకూ కూడా అట్లాంటి బోర్డర్లు ఉన్నాయి. మీవాడు రోజూ కూర్చుని పనిచేసేది ఏ రాష్ట్రంలో అన్నదే మొదటి ప్రశ్న. ఆఫర్ లెటర్ మీద ఉన్న కంపెనీ అడ్రసు తర్వాతి సంగతి.

ఇక ఆ 15 వేలు. హెచ్‌-1బి ఉద్యోగి గడువుకు ముందే మానేశాడని కంపెనీ జరిమానా వసూలు చేయకూడదు. ఇది కేంద్ర నిబంధన. పిటిషన్ ఫీజులు, దానికైన లాయరు ఖర్చు కూడా ఉద్యోగి నెత్తిన వేయకూడదు. కానీ నిజంగా జరిగే నష్టాన్ని సబబుగా లెక్కగట్టి ముందే రాసుకుంటే, అది నష్టపరిహారం కింద చెల్లవచ్చు. ఏది జరిమానా, ఏది పరిహారం అన్నది రాష్ట్ర చట్టం ప్రకారమే తేలుస్తారు. అందుకే కన్సల్టెన్సీలు జరిమానా అనే మాట ఎక్కడా వాడవు, ‘డ్యామేజెస్’ అని రాస్తాయి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, ఆ అంకె ఎట్లా వచ్చిందో వాళ్లు చూపించగలగాలి. ట్రైనింగ్ ఇవ్వకుండానే ట్రైనింగ్ ఖర్చు అని రాసే ఘనులు ఉన్నారు. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే అమెరికా కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్‌-4 అనే ఫారంతో ఫిర్యాదు చేయవచ్చు. తప్పు జరిగిన 12 నెలల లోపు చేయాలి.

రెండేళ్ల నిషేధం సంగతి రాష్ట్రాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. కాలిఫోర్నియాలో ఉద్యోగులకు పెట్టే ఇట్లాంటి షరతులు దాదాపుగా చెల్లవు. మిన్నెసోటాలో 2023 జులై 1 నుంచి చేసుకున్న నాన్ కంపీట్ ఒప్పందాలకూ (మానేసినాక పోటీ కంపెనీలో చేరొద్దనేవి) అంతే. టెక్సాస్‌లో కాలం, ప్రాంతం, పని పరిధి సబబుగా ఉంటే చెల్లుతాయి. మితిమీరి ఉంటే అక్కడి కోర్టు మొత్తం కొట్టేయకుండా, కత్తిరించి సరిచేస్తుంది. కాబట్టి ‘ఇంత ఘోరంగా రాశారు, ఎట్లా చెల్లుతుంది’ అనే ధీమా టెక్సాస్‌లో పనికిరాదు. దేశమంతటా నాన్ కంపీట్‌లను నిషేధిస్తూ 2024లో కేంద్రం ఒక రూలు తెచ్చింది, అమల్లోకి రాకముందే డాలస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఇంకా ఆ పాత వార్త పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో సలహాలిచ్చే వాళ్లున్నారు, నమ్మొద్దు.

అగ్రిమెంటు చివర్లో ‘గవర్నింగ్ లా’ అని ఒక చిన్న పేరా ఉంటుంది. మనవాళ్లు అక్కడికి వచ్చేసరికి అలసిపోయి సంతకం పెట్టేస్తారు. తగాదా వస్తే ఏ రాష్ట్రం చట్టం, ఏ ఊరి కోర్టు అనేది అందులోనే ఉంటుంది. న్యూజెర్సీ అని రాసి ఉంటే డాలస్‌లో ఉన్న పిల్లవాడు అక్కడికి పరుగెత్తాల్సి రావచ్చు. కాలిఫోర్నియాలో ఉండి పనిచేసే ఉద్యోగి మీద మాత్రం బయటి రాష్ట్రం కోర్టును ఇట్లా రుద్దనివ్వరు. సొంత లాయరును పెట్టుకుని ఆ షరతు మాట్లాడుకుని ఉంటే తప్ప, 2017 నుంచి చేసుకున్న ఒప్పందాలకు అక్కడ ఈ రక్షణ ఉంది.

రేపు క్లయింట్ కాలిఫోర్నియాకు రమ్మంటే జీతంతో పాటు లెక్కలన్నీ మారతాయి. కంపెనీ ముందుగా హెచ్‌-1బి సవరణ పిటిషన్ వేయాలి, అది వేయకుండా కదలొద్దు. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర ఇన్‌కం టాక్స్ లేదు, కాలిఫోర్నియాలో గట్టిగానే ఉంది. అన్నట్టు, డాలస్‌లోనే ఉండి పనిచేస్తున్నప్పుడు పే స్లిప్‌లో న్యూజెర్సీ టాక్స్ కోస్తుంటే వెంటనే పేరోల్ వాళ్లను అడగమనండి. ఉద్యోగంలోంచి తీసేస్తే కాలిఫోర్నియాలో ఆరోజే మొత్తం జీతం ఇవ్వాలి. కావాలని ఆలస్యం చేస్తే రోజుకొక రోజు జీతం చొప్పున 30 రోజుల దాకా అదనం. వాడుకోని సెలవుల డబ్బూ అక్కడ జీతమే. టెక్సాస్‌లో తీసేస్తే 6 రోజుల్లో ఇవ్వాలి, తనే మానేస్తే మామూలు జీతం రోజున. సెలవుల డబ్బు కంపెనీ పాలసీలో రాసి ఉంటేనే వస్తుంది.

అద్దె ఇంటి అడ్వాన్స్‌లో మన పిల్లలు పోగొట్టుకునే డబ్బు తక్కువేం కాదు. టెక్సాస్‌లో ఓనరు ఎంత అడ్వాన్స్ అడగాలనే పరిమితి చట్టంలో లేదు. ఖాళీ చేసినాక 30 రోజుల్లో తిరిగివ్వాలి, కానీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తేనే. నలుగురు స్నేహితులు కలిసి ఉండి, తలా ఒక ఊరికి పోయి, ఎవరూ అడ్రసు ఇవ్వక ఆ డబ్బు వదిలేసుకుంటారు. న్యూజెర్సీలో అడ్వాన్స్ నెలన్నర అద్దెకు మించకూడదు. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి చాలామంది ఓనర్లు ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు, 21 రోజుల్లో లెక్క తేల్చాలి. ఇవ్వకపోతే లాయరు లేకుండానే చిన్న కోర్టుకు పోవచ్చు. టెక్సాస్ జస్టిస్ కోర్టులో 20 వేల డాలర్ల దాకా కేసు వేయవచ్చు, కాలిఫోర్నియాలో ఒక వ్యక్తి 12,500 దాకా.

సాక్ష్యానికని ఫోన్ రికార్డు చేయడం మనవాళ్లకు అలవాటు. టెక్సాస్‌లో మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణను అందరి ఒప్పుదల లేకుండా రికార్డు చేస్తే నేరం. కాబట్టి ఏ మాటైనా ఈమెయిల్‌లో రాయించుకోవడమే మేలు.

ఇంకా సంతకం పెట్టి ఉండకపోతే మీవాడిని కన్సల్టెన్సీకి ఈమెయిల్‌లో మూడు అడగమనండి: 15 వేలకు లెక్క ఏమిటి, గవర్నింగ్ లా టెక్సాస్‌గా మారుస్తారా, క్లయింట్ నిషేధాన్ని ఆరు నెలలకు తగ్గిస్తారా. మూడింటికీ కాదంటే, డాలస్‌లో ఉద్యోగుల కేసులు చూసే లాయరుకు ఒక గంట ఫీజు ఇచ్చి కాగితం చూపించాలి. ఇమ్మిగ్రేషన్ లాయరు దానికి సరిపోడు, పైగా అతన్ని పెట్టింది కంపెనీయే.