నైట్ షిఫ్ట్ సెట్టింగ్ నాకిస్తామంటున్నారు, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: సార్, మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. మెకానికల్ డిప్లొమా అయ్యాక బెంగళూరు వచ్చాను. పీణ్య పారిశ్రామిక వాడలో ఒక షెడ్‌లో వీఎంసీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్) ఆపరేటర్‌గా చేస్తున్నాను, ఇది ఐదో ఏడు. జాబ్ (చెక్కాల్సిన ముక్క) ఎక్కించడం, సైకిల్ స్టార్ట్ నొక్కడం, కొలవడం, దించడం, రోజూ ఇదే పని. జాబ్‌కి తగ్గట్టు మెషీన్‌ను సిద్ధం చేసే సెట్టర్ కావాలని ఎప్పటి నుంచో కోరిక. మెషీన్‌కి ఆదేశాలిచ్చే జీ కోడ్‌లు, ఎం కోడ్‌లు నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. రోజూ రాత్రి పడుకునే ముందు వీడియోలు చూస్తాను. మా నైట్ షిఫ్ట్ సెట్టర్ పని మానేసి ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఓనర్ పిలిచి "వచ్చే నెల నుంచి నువ్వే చూసుకో" అన్నారు. "ఇంకా రెడీగా లేను సార్, ఒక ఆరు నెలలు పోనివ్వండి" అన్నాను. ఆయన మొహం మారిపోయింది. టూల్ వెళ్ళి జాబ్‌కి గుద్దుకుంటే, టూల్‌ను తిప్పే స్పిండిల్ పోతే లక్షల్లో నష్టం. తలుచుకుంటేనే చేతులకు చెమట పడుతోంది. పైగా ఆపరేటర్లలో ఇద్దరు కన్నడ వాళ్ళు, ముగ్గురు బీహార్ వాళ్ళు. నా కన్నడ అంతంతమాత్రం. వాళ్ళకి నేను పని చెప్పగలనా అని ఒక టెన్షన్. మా ఆవిడ ఒప్పుకోమంటోంది. ధైర్యం వచ్చాక ఒప్పుకోవడం మంచిదా, ఇప్పుడే ఒప్పుకోవాలా?
- పేరు వద్దు, దాసరహళ్ళి, బెంగళూరు

జవాబు: ఒప్పుకోండి బాబూ. ఆరు నెలల గడువు అడిగారు కదా, ఆ మాట రేపే వెనక్కి తీసుకోండి. అయితే ఏ షరతు మీద ఒప్పుకోవాలో, చేతిలో ఉన్న ఈ కొద్ది రోజుల్లో ఏం చేసుకోవాలో కాస్త వివరంగా చెప్పాలి. మీ భయంలో సగం న్యాయమైనదే మరి.

నేను బెంగళూరు జాలహళ్ళిలో, యంత్రాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీలో మెషీన్ షాపులో పనిచేసి, తర్వాత అప్రెంటిస్ కుర్రాళ్ళకు పని నేర్పుతూ రిటైరైనవాణ్ణి. మన అనంతపురం, చిత్తూరు వైపు పిల్లలు చాలామంది నా చేతి కింద ఉండేవారు. "ఇంకొంచెం నేర్చుకున్నాక చేస్తాను సార్" అనే మాట వాళ్ళ దగ్గర లెక్కలేనన్నిసార్లు విన్నాను. అలా అనేవాళ్ళు బద్ధకస్తులనుకోకండి. ఎక్కువగా శ్రద్ధ ఉన్న పిల్లలే అనేవారు. పని విలువ తెలిసినవాడికే దాన్ని పాడుచేస్తానేమో అనే భయం ఉంటుంది.

అలాంటి మదనపల్లె కుర్రాడొకడు ఉండేవాడు. థియరీలో వెనకబడి, ఏదన్నా అడిగితే తల దించుకునేవాడు. ఒకసారి స్క్రేపింగ్‌లో మనిషి తక్కువై అతన్ని పంపాల్సి వచ్చింది. "నాకు రాదు సార్" అన్నాడు. నిజమే, రాదు. లేత్ బెడ్ స్క్రేపింగ్ అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. బెడ్ అంటే లేత్ మెషీన్‌కి ఆధారంగా ఉండే చదునైన భాగం. నీలం రంగు పూసిన స్ట్రెయిట్ ఎడ్జ్ అనే చదునైన పట్టీని బెడ్ మీద రుద్దితే, ఎత్తుగా ఉన్న చోట్ల నీలం అంటుకుంటుంది. ఆ మచ్చల్ని మాత్రమే చేతి స్క్రేపర్‌తో మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లెక్కన గీకాలి. మళ్ళీ రుద్దాలి, మళ్ళీ గీకాలి. మచ్చలు బెడ్ అంతటా సమంగా వచ్చేదాకా అదే పని. మొదట్లో అతని గీతలు లోతుగా పడేవి, పక్కనున్న పెద్దాయన సరిచేసేవాడు. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ పెద్దాయనే తన బెడ్ ఒకసారి చూసి పొమ్మని ఇతన్ని పిలవడం మొదలుపెట్టాడు. ఆ చేతిలో అంత ఓపిక, అంత తేలిక ఉన్నాయని అతనికీ తెలియదు, నాకూ తెలియదు. స్క్రేపర్ పట్టుకోకముందు తెలుసుకునే దారే లేదు. పరీక్ష పేపర్‌లో ఆ సంగతి ఎక్కడ కనపడుతుంది?

మా హెచ్‌ఎంటీ కథ కూడా ఇలాంటిదే. 1953లో స్విట్జర్లాండ్ ఓర్లికాన్ కంపెనీ సహకారంతో మొదలై లేత్‌లు చేసింది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి చేతి గడియారాల్లోకి దిగింది. టన్నుల బరువుండే లేత్‌ల పక్కన వెంట్రుకంత సన్నని భాగాల పని మొదలైందన్నమాట. అంత సున్నితమైన పనికి తగిన చేతులు ఊళ్ళో ముందే సిద్ధంగా లేవు. ఆ బెంచీల ముందు కూర్చున్నాకే తయారయ్యాయి.

ఇక మీ విషయం. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక వ్యాసం రాశారు. "నేను ఈ పని చేయగలను" అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందన్నది అందులోని విషయం. ఆయన నాలుగు దారులు చెప్పారు. స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడడం, నమ్మకమున్నవాళ్ళు "నువ్వు చేయగలవు" అనడం, తన ఒంట్లో కలిగే కంగారును తాను ఎలా అర్థం చేసుకుంటాడన్నది. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే అన్నారాయన. ఇప్పుడు మీ ఉత్తరం మళ్ళీ చదువుకోండి. రోజూ రాత్రి వీడియోలు చూస్తున్నారు, అది రెండో దారి. ఓనర్, మీ ఆవిడ ఇద్దరూ చేయగలవంటున్నారు, అది మూడోది. చేతులకు చెమట పడుతోంది, దాన్ని "నాకు చేతకాదు" అని చదువుకుంటున్నారు, అది నాలుగోది. స్పిండిల్ ఖరీదు తెలిసినవాడికి చెమట పట్టడం సహజమని కూడా చదువుకోవచ్చు కదా! మొదటి దారిలో మాత్రం మీరింకా అడుగు పెట్టలేదు. ఆరు నెలలు ఆగితే నోట్‌బుక్ ఇంకొకటి నిండుతుంది, అంతే. మీరు ఎదురుచూస్తున్న ధైర్యం మొదటి పీస్ కొలిచి సైజులో ఉందని చూసుకున్న రోజున వస్తుంది. అంతకంటే ముందు వచ్చినవాడిని నేను చూడలేదు.

మీకు ఏమీ రాదని కూడా అనుకోకండి. ఇన్నేళ్ళుగా ఆ మెషీన్ దగ్గర నిలబడ్డారు. టూల్ కొనకుండే ఇన్సర్ట్ అరిగిపోతే శబ్దం మారడం మీ చెవికి తెలుసు. పొద్దున చల్లగా ఉన్న మెషీన్ మీద వచ్చిన సైజుకీ, రెండు గంటలు నడిచి వేడెక్కాక వచ్చిన సైజుకీ తేడా ఉంటుందని తెలుసు. టూల్ అరుగుదలను సరిచేసే వేర్ ఆఫ్‌సెట్‌లో పది, ఇరవై మైక్రాన్లు సరిచేయడం మీరు రోజూ చేస్తూనే ఉండాలి. సెట్టర్ పనిలో చాలా భాగం ఇదే. మిగిలింది జాబ్‌ను పట్టి ఉంచే వైస్‌కి డయల్ గేజ్ పెట్టి సూటిగా ఉందో లేదో చూడడం, ఎడ్జ్ ఫైండర్‌తో జీ54 (జాబ్ మీద కొలతలు మొదలయ్యే సున్నా స్థానం, అదే వర్క్ ఆఫ్‌సెట్) తీసుకోవడం, టూల్ లెంగ్త్‌లు ఎక్కించడం, ప్రోగ్రామ్ సరిచూసుకోవడం. ఈ నాలుగూ మీ పాత సెట్టర్ ఊరికి వెళ్ళేలోపు ఆయన చూస్తుండగా మీ చేత్తో చేయండి. ఆయన చేస్తుంటే మీరు చూడడం వద్దు, అది ఇన్నాళ్ళూ అయింది.

నష్టం గురించి మీ భయం న్యాయమైనది అన్నాను. సిద్ధపడకముందే దిగమని చెబుతున్నాను గానీ, చూసుకోకుండా దిగమని ఎవరికీ చెప్పను. పోతే చిన్నది పోయేలా ఏర్పాటు చేసుకుని దిగాలి. కొత్తగా సెట్ చేసిన ప్రోగ్రామ్‌ను ముందు గాలిలో నడపండి. వర్క్ ఆఫ్‌సెట్‌లో జెడ్‌ను (ఎత్తును) జాబ్ మీద నుంచి వంద మిల్లీమీటర్లు పైకి ఎత్తితే, టూల్ తన దారంతా తిరుగుతుంది, మామూలుగా దేనికీ తగలదు. తర్వాత జెడ్‌ను సరైన చోటికి తెచ్చి, సింగిల్ బ్లాక్ (ఒక్కో లైనుకీ ఆగడం) ఆన్ చేసి, ర్యాపిడ్‌ను (కోయకుండా కదిలే వేగాన్ని) అన్నిటికంటే తక్కువలో పెట్టి, ఒక వేలు కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీదే ఉంచండి. ప్రతి టూల్ మొదటిసారి కిందికి దిగేటప్పుడు జాబ్‌కి కొంచెం పైన ఆపండి. స్క్రీన్ మీద 'డిస్టెన్స్ టు గో' (ఇంకా వెళ్ళాల్సిన దూరం) చూడండి. టూల్‌కీ జాబ్‌కీ మధ్య కంటికి పది మిల్లీమీటర్లే కనపడుతోంది, స్క్రీన్ ఇంకా నలభై వెళ్ళాలంటోంది అనుకోండి, ఎక్కడో తప్పుంది. అక్కడే ఆగిపోతారు. ఈ ఒక్క అలవాటు ఎన్ని స్పిండిల్స్‌ని కాపాడిందో చెప్పలేను.

క్రాష్‌లు ఎక్కువగా ఎందుకవుతాయో తెలుసా? పెద్ద పెద్ద లెక్కలు తప్పి కాదు. మూడో టూల్‌కి ఐదో టూల్ హెచ్ నంబర్ (టూల్ పొడవును సూచించే నంబర్) పడడం, మైనస్ గుర్తు మర్చిపోవడం, పాత కంట్రోల్స్‌లో అంకె పక్కన దశాంశ చుక్క పెట్టకపోవడం. 50 అని కొట్టి చుక్క మరిచిపోతే కొన్ని కంట్రోల్స్ దాన్ని 50 మైక్రాన్లని చదువుతాయి. ఇవి తెలివికి సంబంధించిన తప్పులు కావు, వరసగా చూసుకోకపోవడం వల్ల వచ్చేవి. మీలా భయపడేవాడు రెండుసార్లు చూసుకుంటాడు. ధీమాగా ఉన్నవాడి కంటే రాత్రి పూట మెషీన్ దగ్గర మీలాంటివాడినే నేను ఎక్కువగా నమ్ముతాను.

మొదటి పీస్‌కి ఫినిషింగ్‌లో అర మిల్లీమీటర్ మెటీరియల్ వదిలి, కొలిచి, అప్పుడు ఆఫ్‌సెట్ దించండి. షెడ్‌లో స్క్రాప్ అల్యూమినియం ముక్క ఉంటే ముందు దాని మీదే నడపండి. ఓనర్ కాదనరు.

ఓనర్ మొహం ఎందుకు మారిందో కూడా ఆలోచించండి. "రెడీగా లేను" అంటే ఆయన ఏం చేయగలరు? దానికి బదులు ఇలా చెప్పండి: "పాత జాబ్‌ల సెట్టింగ్ రాత్రి నేను చేస్తాను సార్. కొత్త జాబ్ మొదటి పీస్ మాత్రం డే షిఫ్ట్‌లో, ప్రోగ్రామర్ ఉన్నప్పుడు చేద్దాం. ఖరీదైన కాస్టింగ్‌లు మొదటి రెండు నెలలు నా మీద పెట్టకండి." ఈ మాటతో ఆయనకు దారి దొరుకుతుంది, మీకు రక్షణ దొరుకుతుంది. అలా కుదరదు, మొదటి రోజు నుంచే కొత్త జాబ్‌లతో రాత్రి ఒంటరిగా నిలబడాల్సిందే అని ఆయనంటే మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు.

కోర్సు సంగతి మీరు అడగలేదు గానీ అడిగేవారే. రాజాజీనగర్ జీటీటీసీలో (ప్రభుత్వ టూల్ రూమ్, శిక్షణ కేంద్రం) సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల కోర్సులున్నాయి, మంచివి. కానీ సెట్టింగ్ మొదలుపెట్టిన రెండు మూడు నెలల తర్వాత చేరండి. అప్పుడు క్లాసులో అడగడానికి మీ దగ్గర సొంత ప్రశ్నలుంటాయి.

కన్నడ గురించి అంత దిగులు వద్దు. పీణ్యలో టూల్, జాబ్, ఆఫ్‌సెట్, రిజెక్ట్ అన్నీ అందరికీ ఒకటే. డ్రాయింగ్ మీద వేలు పెట్టి చూపించండి, ఏ కొలత ఎన్ని పీస్‌లకు ఒకసారి చూడాలో కాగితం మీద రాసి మెషీన్‌కి అంటించండి. "నిధానవాగి మాడి, మొదలు నోడి" (నెమ్మదిగా చేయండి, ముందు చూడండి) అన్నంత కన్నడ చాలు మొదటి వారానికి. తప్పు మాట్లాడితే కన్నడ వాళ్ళు నవ్వుతూనే సరిచేస్తారు, ఇన్నేళ్ళ బెంగళూరు జీవితంలో నేను చూసింది అదే. బీహార్ అబ్బాయిలకు మీకొచ్చిన హిందీ సరిపోతుంది. వాళ్ళు కూడా మీలాగే ఊరొదిలి వచ్చినవాళ్ళు, టీ టైంలో వాళ్ళతో కూర్చోండి.

ఇంకో రెండు పనులున్నాయి. ప్రోగ్రామర్ నంబర్, మెయింటెనెన్స్ అతని నంబర్ కంట్రోల్ ప్యానెల్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఏ సమస్యకు అర్ధరాత్రి ఫోన్ చేయాలో, దేనికి మెషీన్ ఆపి పొద్దున దాకా ఆగొచ్చో ముందే ఓనర్‌తో మాట్లాడుకోండి. రెండోది జీతం. నేర్చుకుంటున్నాను కదా అని మొహమాటపడకండి. మూడు నెలలు సెట్టింగ్ సరిగ్గా నడిస్తే సెట్టర్ జీతం ఇస్తారా అని ఒప్పుకునే రోజే అడగండి. ఎంతో కూడా అప్పుడే చెప్పించుకోండి.