కొత్త రౌటర్ నిమిషానికోసారి ఆరిపోతోంది

ప్రశ్న: కొత్త రౌటర్ బిగించాను. లైట్లు వరుసగా వెలుగుతాయి, వైఫై లైటు వచ్చే వేళకి అన్నీ ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. రీసెట్ చాలాసార్లు నొక్కాను. వెనక్కి ఇచ్చేయమంటారా? అన్నట్టు, దానితో వచ్చిన అడాప్టర్ వైరు పొట్టిగా ఉందని పాత రౌటర్‌ది పెట్టాను. ప్లగ్గు చక్కగా పట్టింది.

జవాబు: ఇంత రాసి అసలు విషయం ‘అన్నట్టు’ అని చివర్లో చెప్పారు! ప్లగ్గు పట్టిందంటే సైజు కుదిరిందని మాత్రమే అర్థమండీ. రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉందనుకుందాం. పాత అడాప్టర్ మీద 12 వోల్టులు, 0.5 ఆంపియర్లు అని ఉంటే దొంగ దొరికినట్టే. ఆన్ చేయగానే ప్రాసెసర్, మెమరీ మాత్రమే పని మొదలుపెడతాయి కాబట్టి ఆ కొంచెం కరెంటుతో నెట్టుకొస్తుంది. వైఫై రేడియోలు లేచేసరికి వాడకం పెరుగుతుంది, అడాప్టర్ తట్టుకోలేదు, వోల్టేజీ పడిపోతుంది, రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. మీది ప్రతిసారీ అదే చోట ఆగిపోతోందంటే నా అనుమానం దీని మీదే. రీసెట్ ఎన్నిసార్లు నొక్కినా కరెంటు పెరగదు. పైగా, అది పనిచేసిన ప్రతిసారీ మీరు పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి.

వోల్టులు స్టిక్కర్ మీద ఉన్నన్నే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువ ఉండకూడదు. ప్లస్ మధ్యలోనా, చుట్టూనా అని చూపే చిన్న గుండ్రటి బొమ్మ కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి. వైరు పొట్టిగా ఉంటే ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడండి, అడాప్టర్ మార్చకండి.

సొంత అడాప్టర్ పెట్టినా ఇదే తంతయితే, యూఎస్‌బీలో పెట్టినవీ నెట్ కేబుళ్లూ అన్నీ పీకేసి, పవర్ ఒక్కటే ఇచ్చి కాసేపు వదిలేయండి. నిలబడితే ఒక్కొక్కటే తగిలిస్తూ రండి. ఏది పెట్టగానే పడిపోయిందో తప్పు అక్కడుంది. ఒంటరిగా కూడా నిలబడకపోతే సాఫ్ట్‌వేర్ చెడిపోయి ఉండాలి, లేదా లోపల భాగమేదో పోయి ఉండాలి. విప్పొద్దు, వారంటీ పోవచ్చు. అప్పుడు నిస్సంకోచంగా వెనక్కి ఇచ్చేయండి.

ప్రశ్న: నాది బాగానే ఆన్ అయింది, వైఫై కూడా కలుస్తోంది. ఇంటర్నెట్టే లేదు. కేబుల్ కొత్తదే.

జవాబు: మోడెం, అంటే బయటి నెట్ లైను వచ్చి చేరే పెట్టె, నుంచి వచ్చే కేబుల్ రౌటర్ వెనక వాన్ (WAN) అని రాసి ఉన్న పోర్టులోనే ఉందా? చాలామంది పక్కనున్న లాన్ (LAN) పోర్టులో, అంటే ఇంట్లోని కంప్యూటర్ల కోసం ఉన్నదాంట్లో, పెట్టేస్తారు. అది సరిగ్గానే ఉంటే రెండూ ఆపేసి, ముందు మోడెం వేసి, దాని లైట్లు నిలకడగా వెలిగాకే రౌటర్ వేయండి. కొన్ని మోడెంలు మొదట తగిలించిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటాయి. ఆపి వేస్తే కొత్తదాన్ని ఒప్పుకుంటాయి. అయినా రాకపోతే మోడెం, రౌటర్ రెండింటి నెట్‌వర్క్ చిరునామా (ఐపీ అడ్రస్) ఒకటే, 192.168.1.1 అయి ఉందేమో చూడండి. అలా ఉంటే రౌటర్‌ది 192.168.2.1 చేయండి. ఇక మీదట బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ ఆ చిరునామాలోనే తెరుచుకుంటుంది. పాతది కొడితే మోడెం పేజీ రావచ్చు, టెన్షన్ పడకండి.