పుండు మానిందని ఊరుకోవద్దు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ దీవించి రాసేది.

నువ్వు ఫోనులో నసిగినా నాకు అర్థమైంది. లారీతో ఢిల్లీ లైనుకు పోయినప్పుడు ఒక రాత్రి కండోమ్ లేకుండా ఒక ఆడమనిషి దగ్గరికి పోయినావు. తర్వాత కింద నొప్పి లేని పుండు లేచింది, దారిలో మందుల షాపులో మాత్రలు కొని మింగినావు, ఇప్పుడు మానింది. ఇంక డాక్టరు దగ్గరికి పోవాల్నా అని అడుగుతున్నావు. పోవాల. మదనపల్లెలో మళ్లీ టమోటా లోడు ఎక్కించుకోక ముందే పోవాల.

సిఫిలిస్ అనే సుఖవ్యాధిలో మొదట వచ్చే పుండు అట్లనే ఉంటుంది. నొప్పి ఉండదు, మందు వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. ఏండ్లు గడిచినాక గుండెకూ మెదడుకూ ఎక్కొచ్చు. ఆయిలు లైటు వైరు పీకేస్తే ఇంజను బాగైనట్టేనా? నీది అదే జబ్బో కాదో రక్తపరీక్ష చెప్పాల, షాపువాడు కాదు. అదే అయితే పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. పుండు ఉన్నప్పుడు హెచ్ఐవీ సులువుగా అంటుకుంటుంది కాబట్టి ఆ పరీక్షా చేయించుకో.

చిత్తూరు పెద్దాసుపత్రిలో ఐసీటీసీ ఉంది, అంటే హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే కేంద్రం. తెలిసినవాళ్లు చూస్తారని జంకితే తిరుపతి రుయా ఆసుపత్రికి పో, ఆడా ఉంది. పైసా తీసుకోరు. పరగడుపున పోనక్కర లేదు. కౌన్సెలర్ తలుపు మూసి మాట్లాడతారు. ఎప్పుడు, ఎవరితో, కండోమ్ వాడినావా అని అడుగుతారు. నా ఫ్రెండుకు అని చెప్పొద్దు, ఉన్నదున్నట్టు చెప్పు. నీ ఒప్పుకోలు లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, హెచ్ఐవీ ఉందని ఓనరు పనిలోంచి తీసేయకూడదు అని 2017లో చట్టమే చేసినారు. 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది. ముందుగా ఎవరితోనన్నా మాట్లాడాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైను 1097కు ఫోను చెయ్యి, ఉచితం.

ఆ రాత్రి గడిచి నెలన్నర అన్నావు. హెచ్ఐవీ సోకినా పరీక్షలో తేలడానికి ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు లేదని వచ్చినా మూడు నెలలు నిండినాక మళ్లీ చూపించుకో. ఇంకెప్పుడన్నా కండోమ్ చినిగితే ఇట్ల నెలలు ఆగొద్దు, 72 గంటల లోపల పెద్దాసుపత్రికి పోయి అడగాల. 28 రోజులు మందు వాడితే సోకకుండా ఆపే వీలుంది.

హెచ్ఐవీ ఉందని తేలితే? 1986లో మన దేశంలో ఇది మొదట బయటపడింది పక్కనున్న మద్రాసులోనే. మందు దొరకని ఆ కాలంలో మన లైను వాళ్లు ఎట్ల ఎండిపోయి చచ్చినారో నేను కండ్లారా చూసినా. నువ్వు ఆ భయంతో ఉండొద్దు. 2004 నుంచి సర్కారు హెచ్ఐవీని అణచిపెట్టే ఏఆర్టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక మాత్ర. మానకుండా మింగి, రక్తంలో క్రిమి కనబడనంతగా తగ్గి, అట్లే ఉంటే కలయిక వల్ల పెండ్లానికి కూడా అంటుకోదు. లైనులో మాత్రలు అయిపోకుండా ఎన్నాళ్ల ట్రిప్పో ముందే సెంటర్లో చెప్పుకోవాల, అంతే.

నాకు నిద్ర పట్టనిది అమ్మాయి గురించే. ఆమెకు అయిదో నెల. సిఫిలిస్ ఆమెకు తగిలితే బిడ్డ కడుపులోనే పోవచ్చు. గర్భిణులకు మొదట్లో చేసే పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, ఆ తర్వాత నీ నుంచి అంటుకుంటే? అందుకని ఆమెకు చెప్పు. తిడుతుంది, ఏడుస్తుంది, పడు. ఇద్దరూ కలిసి చూపించుకోండి. వేళకు తెలిస్తే తల్లికి మందిచ్చి బిడ్డను కాపాడుకోవచ్చు, హెచ్ఐవీ అయినా సరే. అంతవరకు ఆమె జోలికి పోవద్దు.

ఇంజను వేడి ఒంట్లోకి ఎక్కుతుంది, దాన్ని దించుకోవాల అని క్యాబిన్లో పాత డ్రైవర్లు చెప్పే మాట ఒట్టి అబద్ధం. వేడికి నీళ్లు తాగు, నిద్ర పో. అసలు చిక్కు బండి నడిచేటప్పుడు కాదు. ఆజాద్‌పూర్ మండీలో సరుకు దించినాక, రిటర్ను లోడు కోసం హాల్టింగులో చేతిలో బత్తా, పక్కన సీసా ఉన్నప్పుడే. అప్పటికి కండోమ్ దగ్గర ఉండాల. ఎండ పడే డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, బట్టల సంచిలో పెట్టు, తేదీ చూసుకో. కొబ్బరినూనె తగిలితే పాడైపోతుంది. నీ క్లీనరు పిల్లోడు నిన్ను చూసే నేర్చుకుంటాడు, వాడికీ చెప్పు. ఆ ఆడమనిషిని మాత్రం తిట్టొద్దు. ఆమెకు ఆ జబ్బు ఉంటే ఎవడో మనలాంటి వాడే ఇచ్చి ఉంటాడు.

సోమవారం పొద్దున తొమ్మిదికంతా ఓపీ దగ్గర ఉండు. ఒక్కడివే పోలేకపోతే ఆదివారం రాత్రికే ఫోను చెయ్యి, చిత్తూరైనా తిరుపతైనా నేను తోడు వస్తా.

ఇట్లు,
మీ మామ