ఇగ్నరెంట్ అని రాయకపోతే మరేం రాయాలి?

మీ జపనీస్ కొలీగ్ 'మా మేనేజర్ ఈ మార్పు విషయంలో ఇగ్నరెంట్' అని క్లయింట్‌కి మెయిల్ పెట్టబోతే ఆపాను, కానీ తప్పేంటో చెప్పలేకపోయాను అన్నారు కదా. ఆపి మంచి పని చేశారండీ!

జపనీస్‌లో దానికి 'ముచి' అని అర్థం చెప్తారు, జ్ఞానం లేకపోవడం అని. ఇంగ్లీష్‌లో మాత్రం 'ఆయనకేం తెలీదు, ఒట్టి మొద్దు' అన్నంత ఘాటుగా తగులుతుంది. విషయం తెలియకపోతే 'నాట్ అవేర్ ఆఫ్', సాఫ్ట్‌వేర్ లాంటిది అలవాటు లేకపోతే 'నాట్ ఫెమిలియర్ విత్' అని రాయమనండి. కబురు మేనేజర్ దాకా రాలేదంటే 'అవుట్ ఆఫ్ ద లూప్'. 'కెప్ట్ ఇన్ ద డార్క్' అంటే ఎవరో కావాలనే దాచారని నింద వేసినట్టుంటుంది, మెయిల్లో వద్దు.

మీ కొలీగ్‌కి అర్థం కావాలంటే వాళ్ల భాషలోంచే చెప్పండి: ఎవరైనా ఏదైనా అడిగితే 'షిరిమాసెన్' అంటే ఒక్కోసారి 'నాకేం తెలుసు' అని విసిరినట్టుంటుంది, అదే 'వకారిమాసెన్' అంటే మెత్తగా ఉంటుంది, ఇక్కడా అలాంటి తేడానే. వెంటనే పట్టుకుంటారు.

ఇంకోటి, 'నైవ్' (naive) అనే ఇంగ్లీష్ మాట. జపనీస్‌లో దాన్ని సున్నిత మనసున్న మనిషి అనే అర్థంలో వాడతారు. మెచ్చుకుంటున్నాననుకుని అమెరికా వాళ్లని అలా అంటే, లోకజ్ఞానం లేదన్నట్టే!

మన నూతిలో కప్ప వాళ్లకీ ఉంది, సముద్రం తెలియని కప్ప. దాన్ని మాత్రం మక్కీకి మక్కీ ఇంగ్లీష్ చేయొద్దనండి, చాలామందికి ఆ కప్ప సంగతి తెలీదు.