ఫోన్ బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు: ఒకటి ఉంచాను, ఒకటి పీకేశాను

రాయగడ నుంచి మీరు అడిగిన ప్రశ్న చూశాను. ఫోన్‌లో ఏ సైటు తెరిచినా ప్రకటనలే తప్ప విషయం కనపడటం లేదు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వేద్దామంటే ఆ ఆప్షనే లేదు. వేరే బ్రౌజర్‌లో వేసుకుంటే పాస్‌వర్డ్‌లు పోతాయేమోనని టెన్షన్. పైగా ఒడియా చదవడం రాదు కాబట్టి పేజీని తెలుగులోకి మార్చే ఎక్స్‌టెన్షన్ కూడా కావాలి. ఇదే కదా.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రకటనలు ఆపేది ఒక్కటి వేసుకోండి. అనువాదానిది వద్దు. ఈ రెండో మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి.

నాది పర్లాకిమిడి. బస్టాండు దగ్గర చిన్న జెరాక్స్ షాపు, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా పెడతాం. 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడ్డప్పుడు సరిహద్దు గీత మా ఊరికీ పాతపట్నానికీ మధ్య పడింది. అప్పటినుంచి మావాళ్ళకి కాగితాలు ఒడియాలో, కష్టసుఖాలు తెలుగులో. షాపుకి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు, అక్షరం దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు. నేనూ ఆ బాపతే. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నాను.

షాపులో కంప్యూటర్ ఒకటే, దాని ముందు ఎప్పుడూ క్యూ. అందుకని ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ కౌంటర్ మీద పెట్టి, అందులో కివీ బ్రౌజర్ వేశాను. కంప్యూటర్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు ఫోన్‌లో నడవాలంటే అప్పట్లో అందరూ దాని పేరే చెప్పేవారు. అందులో ఒక అనువాద ఎక్స్‌టెన్షన్ ఎక్కించాను. పేరు అనవసరం. దానికి రేటింగ్ బాగుంది, డబ్బులు అడగలేదు, నాకు అంతే చాలనిపించింది. వేసేటప్పుడు 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు' అని ఒక పెట్టె వచ్చింది. దాన్ని చదివానని చెప్పలేను. అవతల మనిషి నిలబడి ఉన్నాడు, నొక్కేశాను.

ఒకరోజు మా వీధి చివరి పెద్దాయన వచ్చాడు. "బాబూ, ఈ ఒడియా అచ్చరాలు నాకేటి తెలుస్తాయి. మా తమ్ముడు ఆడి పేరు ఎక్కించేసుకున్నాడంటన్నారు, ఓపాలి సూసి సెప్పు" అన్నాడు. ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్ తెరిచి జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని, ఖాతా నంబరు కొట్టి ఆయన పట్టా పేజీ తీశాను. ఒక్క నొక్కు నొక్కితే పేజీ మొత్తం తెలుగయింది. ఆయన పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ప్లాట్ నంబర్లు, విస్తీర్ణం వరసగా దిగాయి. మౌజా నువాగడ అయితే దాన్ని కూడా వదలకుండా 'కొత్త కోట' అని అనువదించింది. "మాకెక్కడ కోటరా బాబూ" అని ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. తమ్ముడి పేరు లేదు. మనిషి స్థిమితపడి, పది రూపాయలు కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వులో నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆ పేజీ తెలుగు కావాలంటే దాని మీదున్న ప్రతి అక్షరం ముందు నా ఫోన్ దాటి ఎవరిదో సర్వర్‌కి వెళ్ళి రావాలి. అలా ఎంతమంది పట్టాలు, ఎంతమంది పిల్లల కుల సర్టిఫికెట్లు పంపించానో లెక్కలేదు.

కొన్ని నెలల తర్వాత ఫోన్ తేడా చేసింది. పైన అడ్రస్ రాసే చోట ఏదైనా వెతికితే, ఫలితాలు వచ్చేముందు అర సెకను పాటు ఇంకేదో సైటు పేరు మెరిసి మాయమయ్యేది. నెట్ స్లో అనుకుని వదిలేశాను. మా మేనల్లుడు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడికి చూపించాను. వాడు ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి, ఒక్కొక్కటే తిరిగి ఆన్ చేస్తూ వచ్చాడు. అనువాదానిది ఆన్ చెయ్యగానే ఆ మెరుపు మళ్ళీ వచ్చింది.

"మావయ్యా, దీనికి అన్ని సైట్ల పర్మిషన్ ఎప్పుడిచ్చావు?"

"వేసిన రోజే."

"అయితే ఇక నిన్ను అడగాల్సిన పని దానికి లేదు."

అసలు కిటుకు ఇక్కడుంది. ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ అయినప్పుడు కొత్త పర్మిషన్ కావాలంటే బ్రౌజర్ దాన్ని ఆపి, మనల్ని అడుగుతుంది. మొదటిరోజే అన్నీ ఇచ్చేసి ఉంటే అడగడానికి ఏమీ మిగలదు. లోపలి కోడ్ మారిపోతుంది, మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నా దాంట్లో వెనక ఎవరున్నారన్నది తేలలేదు, తీసేశానంతే. కానీ ఇలాంటిది లోకానికి తెలిసేలా ఒకసారి జరిగింది. ది గ్రేట్ సస్పెండర్ అని కంప్యూటర్ క్రోమ్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. వాడకుండా వదిలేసిన ట్యాబులను నిద్రపుచ్చేది, 20 లక్షలకు పైగా జనం వాడారు. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్ళకి అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అని చెప్పి తీసేసింది. వాడేవాళ్ళు తమవైపు నుంచి ఏ తప్పూ చెయ్యలేదు, మంచి ఎక్స్‌టెన్షనే వేసుకున్నారు. పాపం.

పేరున్న కంపెనీదైతే భయం లేదనుకోవడానికీ లేదు. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ తన ఎక్స్‌టెన్షన్ల ద్వారా, సాఫ్ట్‌వేర్ ద్వారా జనం ఏ సైట్లు చూశారో సేకరించి, జంప్‌షాట్ అనే తన సొంత సంస్థ చేత అమ్మించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలాకి పెట్టుకున్నవాడే గడప దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకున్నట్టు.

ఇక మీ పాస్‌వర్డ్‌ల భయం. అది సగం నిజం. అన్ని సైట్ల పర్మిషన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ ఆ బ్రౌజర్‌లో తెరిచిన పేజీలో ఏముందో చదవగలదు, మీరు పెట్టెల్లో కొట్టేది కూడా. పాస్‌వర్డ్, కార్డ్ నంబరు, పేజీలో నింపిన ఓటీపీ, అన్నీ. కానీ ఆ బ్రౌజర్ గోడ దాటి అది వెళ్ళలేదు. మీ ఫోన్‌పే యాప్, బ్యాంక్ యాప్, ఎస్‌ఎంఎస్‌లు, గ్యాలరీ దాని చేతికి అందవు. ఇదే గోడ వల్ల ఇంకోటి కూడా: ఫేస్‌బుక్‌లో లింక్ నొక్కితే అది తన లోపలి బ్రౌజర్‌లోనే తెరుస్తుంది. అక్కడ మీ ప్రకటనల బ్లాకర్ పనిచెయ్యదు. 'వేశాను గానీ ఆగట్లేదు' అని మా షాపులో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే.

బ్రౌజర్ సంగతి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మీరన్నట్టు ఎక్స్‌టెన్షన్లు లేవు. కివీని 2025 జనవరిలో ఆపేశారు. పాత కాపీలు ఫోన్ నుంచి ఫోన్‌కి ఇంకా తిరుగుతున్నాయి, ఎవరైనా ఇస్తే తీసుకోకండి. భద్రతా అప్‌డేట్లు రాని బ్రౌజర్‌లో ఏ మంచి ఎక్స్‌టెన్షన్ వేసినా లాభం లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎడ్జ్ బ్రౌజర్ కొన్నిటిని అనుమతిస్తోంది. నేను చెప్పేది ఫైర్‌ఫాక్స్. 2020లో దాన్ని కొత్తగా కట్టినప్పుడు గుప్పెడు ఎక్స్‌టెన్షన్లే ఉంచారు, అప్పుడు చాలామంది తిట్టుకున్నారు. 2023 డిసెంబరులో తలుపులు తెరిచి 450కి పైగా అందుబాటులోకి తెచ్చారు. తలుపులు తెరిచారు కదా అని అన్నీ వేసుకోవాలని కాదు, నాకు ఒక్కటే చాలు.

ఆ ఒక్కటి యూబ్లాక్ ఆరిజిన్. 'ఆరిజిన్' అన్న మాట ఉందో లేదో చూసి మరీ వెయ్యండి. దీన్ని మొదలుపెట్టిన రేమండ్ హిల్ 2015లో ఒట్టి 'యూబ్లాక్'ను ఇంకొకరికి అప్పగించి, తన దాన్ని ఆరిజిన్ పేరుతో వేరుగా నడుపుకుంటున్నాడు. విరాళాలు కూడా వద్దంటాడు, విచిత్రమైన మనిషి. నిజానికి దీనికి కూడా అన్ని సైట్ల పర్మిషన్ ఇవ్వాల్సిందే. ఏ ప్రకటన ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా ఆపడం కుదరదు. అయితే దీని పని ఫోన్‌లోనే అయిపోతుంది, మీరు చూసిన పేజీని ఎక్కడికీ పంపక్కర్లేదు. కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఫైర్‌ఫాక్స్ 'సిఫార్సు చేసినవి' అని గుర్తు పెట్టిన వాటిని, దాన్ని తయారుచేసే మొజిల్లావాళ్ళు భద్రత కోసం పరిశీలిస్తారు, ఇది అందులో ఉంది. అనువాద ఎక్స్‌టెన్షన్‌కీ దీనికీ నేను చూసే తేడా ఇదే. పర్మిషన్ రెండిటికీ ఒకటే. ఒకటి చూసి అక్కడే వదిలేస్తుంది, రెండోది చూసింది బయటికి పంపితే గానీ పని జరగదు.

వేశాక ఏదైనా ఫలితాల సైటు తెరిచి చూడండి. మా షాపులో పదో తరగతి ఫలితాల రోజు ఒక పేజీ తెరిస్తే యూబ్లాక్ ఆరిజిన్ ప్రకటనలవీ అలాంటివీ 41 ఆపినట్టు చూపించింది. అదే పేజీ పక్క ఫోన్‌లో మామూలుగా తెరిస్తే 'డౌన్‌లోడ్' అని పెద్ద ఆకుపచ్చ బటన్లు మూడు. మూడూ ప్రకటనలే, అసలు లింక్ కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో. ఒక పిల్ల తండ్రి అప్పటికే ఒకటి నొక్కి, ఏదో క్లీనర్ యాప్ దింపుకున్నాడు. అందుకే ప్రకటనల బ్లాకర్‌ని చికాకు తగ్గించేదిగా మాత్రమే చూడను. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ కూడా, వెతుకుడు ఫలితాల్లో దొంగ ప్రకటనలు వస్తున్నాయని, ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ వాడమని జనానికి చెప్పింది. రోజుకి ఒకటిన్నర జీబీ రీఛార్జ్ మీద బతికేవాళ్ళకి డేటా మిగలడం పైలాభం.

డబ్బు వ్యవహారాలకి మాత్రం క్రోమ్ వాడండి. ఎక్స్‌టెన్షన్లు లేకపోవడమనే దాని లోటు ఇక్కడ పనికొస్తుంది. కరెంటు బిల్లు, బ్యాంక్ సైటు, రైల్వే టికెట్ క్రోమ్‌లో. వార్తలు, వంటలు, ఊసుపోక చదివేవి ఫైర్‌ఫాక్స్‌లో. క్రోమ్ గూగుల్‌ది కాబట్టి గూగుల్‌కి తెలిసేది ఎలాగూ తెలుస్తుంది, కనీసం మూడోవాడు మధ్యలో కూర్చోడు.

ఎక్స్‌టెన్షనే వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, సైటు పేరు చెబితే దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ని మనమే ఎంచుకునే చోటు. అక్కడ ప్రకటనలు ఆపే సర్వర్ పేరు ఇస్తే ఫోన్ మొత్తం మీద, యాప్‌లలో కూడా, చాలా ప్రకటనలు రాకుండా పోతాయి. మా ఆవిడ ఫోన్‌లో అదే పెట్టాను. యూట్యూబ్ ప్రకటనలు దీనితో ఆగవు. మీరు వెళ్ళే సైట్ల పేర్లు ఆ సర్వర్ నడిపేవాళ్ళకి తెలుస్తాయి, పేజీలో ఏముందో మాత్రం తెలియదు. స్టేషన్‌లో వైఫై లాగిన్ పేజీ ఒక్కోసారి రాదు, అప్పుడు కాసేపు ఆపుకోవాలి.

ఐఫోన్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. సఫారీలో కంటెంట్ బ్లాకర్లు 2015 నుంచి ఉన్నాయి. ఇవి ఏం ఆపాలో జాబితా సఫారీకి ఇచ్చి బయటే ఉండిపోతాయి, మీరేం చూశారో వాటికి తెలియదు. 2021లో వచ్చిన ఎక్స్‌టెన్షన్లు వేరు, అవి పేజీ చదువుతాయి. కాకపోతే ఏ సైటులో, ఒక్క రోజుకా ఎప్పటికీనా అని సఫారీ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో కూడా ఇలా ఉంటే నా కథ వేరేలా ఉండేది.

చివరికి మీ ఒడియా. గూగుల్ అనువాదంలో ఒడియా 2020 ఫిబ్రవరిలో చేరింది, క్రోమ్ మెనూలోనే అనువాదం ఉంది. వార్తలకీ, నోటిఫికేషన్లకీ అది వాడుకోండి, దానికోసం ఎక్స్‌టెన్షన్ దండగ. పేజీ గూగుల్‌కి వెళ్తుందని గుర్తుంటే చాలు. పట్టా కాగితాలకి మాత్రం నేను అది కూడా మానేశాను. వాటిలో తిరిగి తిరిగి వచ్చే మాటలు పది దాటవు. ఆ మాటల ఒడియా అక్షరాలు, పక్కన తెలుగులో పలుకు, అర్థం రాసి ఒక అట్టముక్క కౌంటర్ మీద అంటించాను. ఖతియాన్ (భూమి హక్కుల పత్రం), మౌజా మనకి తెలిసినవే. రకబా అంటే విస్తీర్ణం, కిసమ్ అంటే భూమి రకం, ఖజణా అంటే శిస్తు. మొన్న ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి అట్టముక్క పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో గడీ చూపిస్తూ నేనే చదివాను. పది నిమిషాలు పట్టింది. నువాగడ నువాగడగానే ఉంది.