రివాల్వర్ ఒంటిచేత్తో కాల్చాలా, రెండు చేతులతోనా?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో కొత్తగా షూటింగ్ నేర్చుకుంటున్నారు. కోచ్ .32 రివాల్వర్‌ని ఒంటిచేత్తోనే పట్టిస్తున్నారు. వీడియోల్లో చూస్తే అందరూ రెండు చేతులతో కాలుస్తున్నారు. మరి ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కాదండి. ట్రిగ్గర్ లాగడానికి ఎంత బలం కావాలన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను 1985లో పోలీసు ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్)లో కానిస్టేబుల్‌గా చేరాను. కొన్నేళ్లకు గన్‌మన్ డ్యూటీకి తీసుకున్నాక వెబ్లీ .38 రివాల్వర్ చేతికొచ్చింది. అప్పట్లో మాకు నేర్పింది ఒంటిచెయ్యే. పక్కకు తిరిగి నిలబడి, ఎడమచెయ్యి నడుము మీద పెట్టి, కుడిచెయ్యి బారుగా చాపాలి. ఇది గుర్రాల కాలం నుంచి వచ్చిన అలవాటు. ఎడమచేతిలో కళ్లెం ఉంటే రివాల్వర్‌కు మిగిలేది ఒక్క చెయ్యే కదా. వెబ్లీ పిడి అడుగున ఒక రింగు ఉంటుంది. చెయ్యి జారినా ఆయుధం కింద పడకుండా దానికి తాడు కట్టుకునేవారు.

నా రౌండ్లన్నీ టార్గెట్‌లో ఎడమవైపు కిందికి పోయేవి. గురి చూసే సైట్ తప్పేమో అనుకున్నాను, ఆయుధాన్ని అనుమానించాను. ఒకరోజు మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ రివాల్వర్ తీసుకుని, నాకు కనపడకుండా తూటాలు పెట్టే సిలిండర్‌లో మూడు గదుల్లో నిజం తూటాలు, మూడు గదుల్లో కాల్చేసిన ఖాళీ ఖోకాలు (తూటా గుల్లలు) పెట్టి, సిలిండర్ తిప్పి మూసి ఇచ్చారు. మొదటిది పేలింది. రెండోసారి టక్ మని శబ్దం మాత్రమే. పేలని ఆ షాట్‌కి నా రివాల్వర్ మూతి రెండంగుళాలు కిందికి వంగింది. పక్కన నిలబడ్డవాళ్లందరూ చూశారు. పేలుడు వస్తుందని భయపడి నా చెయ్యే ముందుగా దాన్ని కిందికి నొక్కేస్తోంది. ఆయుధంలో ఏ లోపమూ లేదు.

ఒక లెక్క చూడండి. రివాల్వర్ బరువు కిలోకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. హ్యామర్ (తూటాను కొట్టి పేల్చే వెనకటి సుత్తి) ముందుగా ఎత్తకుండా ట్రిగ్గర్ ఒక్కటే లాగి కాల్చాలంటే, చాలా సర్వీస్ రివాల్వర్లకు ఐదు కిలోల దాకా బలం కావాలి. కిలో వస్తువును గాల్లో కదలకుండా పట్టుకుని దాని మీద ఐదు కిలోల లాగుడు లాగాలన్నమాట. చూపుడువేలు అంత గట్టిగా కదిలితే మిగతా మూడు వేళ్లూ దాంతోపాటే బిగుసుకుంటాయి. కుడిచేతివాటం వాళ్ల గుండు ఎడమకీ కిందికీ పోయేది ఎక్కువగా అందుకే. రెండో చెయ్యి అసలు ఉపయోగం ఇక్కడే. పట్టుకునే పని చాలావరకు ఎడమచెయ్యి తీసుకుంటుంది, కుడి చూపుడువేలు లాగే పని ఒక్కటే చూసుకుంటుంది. రెండు చేతులు కేవలం ఎదురుదెబ్బ తట్టుకోవడానికే అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది రెండో లాభం.

హ్యామర్ ఎత్తి పెట్టి కాలిస్తే ట్రిగ్గర్ చాలా తేలికైపోతుంది. అప్పుడు ఒంటిచెయ్యి కూడా హాయిగా సరిపోతుంది. బహుశా మీ కోచ్ ఆలోచన పోటీల గురించే అయ్యుంటుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 25 మీటర్ల సెంటర్ ఫైర్ అనే పోటీలో ఒక్క చెయ్యే వాడాలి, మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదు. మీ .32 అక్కడ మామూలు బోరే. ట్రిగ్గర్ బరువు కనీసం ఒక కిలో ఉండాలి, ఐదు కిలోలు అక్కర్లేదు. మొదటి 30 షాట్లు నిదానంగా, తర్వాతి 30 టార్గెట్ కనపడే మూడేసి సెకన్లలో ఒక్కొక్కటి చొప్పున కాల్చాలి. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా ఈ ఈవెంట్‌లో 600కి 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశారు. అదంతా ఒంటిచేత్తోనే. కాబట్టి ఒంటిచేత్తో గురి కుదరదు అనేవారి మాట నమ్మకండి.

అలాగే రెండు చేతుల పద్ధతి పిస్టల్ (సిలిండర్ లేని చేతితుపాకీ) వాళ్లదే అన్న మాట కూడా నిజం కాదు. దానికి పేరు తెచ్చిన జాక్ వీవర్ లాస్ ఏంజెలెస్ కౌంటీలో డెప్యూటీ షెరిఫ్. 1950ల చివర్లో పోటీల్లో ఆయన రెండు చేతులతో పట్టి గెలిచింది రివాల్వర్‌తోనే.

అయితే వీడియోల్లో చూసి నేర్చుకునేవాళ్లు ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. పిస్టల్ పట్టేవాళ్లు రెండు బొటనవేళ్లూ ముందుకు చాపుతారు. రివాల్వర్‌తో అలా చెయ్యకూడదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ ఆ సందులోంచి వేడి వాయువు, మసి పక్కలకు చిమ్ముతాయి. మా బ్యాచ్‌లో ఒకతను ఎడమ బొటనవేలు అక్కడ ఆనించి కాల్చాడు. గోరు పక్కన చర్మం కమిలి, లోపలికి దిగిన నల్లటి చుక్కలు నెలల తరబడి పోలేదు. మరుసటి రోజు ఉస్తాద్ ఆ సందు పక్కన దినపత్రిక ముక్క ఒకటి టేపుతో అంటించి ఒక రౌండ్ కాల్చి చూపించారు. కాగితం చిరిగి, అంచు నల్లబడింది. ఆ ముక్కను చేతులు మార్చుకుంటూ అందరం చూశాం. ఎడమ బొటనవేలు కుడి బొటనవేలి మీదికి మడిచి పెట్టుకోండి, ఏ వేలూ సిలిండర్ ముందు అంచు దాటి వెళ్లకూడదు.

ఇక మన ఊరి సంగతి. విశాఖ ఉక్కపోతలో అరచెయ్యి ఊరికే తడిసిపోతుంది. ఒంటిచేత్తో కాల్చేటప్పుడు పిడి ఒక్క రవ్వ జారినా పట్టు మారిపోతుంది. ప్రతి ఆరు రౌండ్లకూ చెయ్యి తుడుచుకోండి. వీలైతే పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక చాపిన ఒక్క చేతిని ఊపేస్తుంది.

మీ స్థానంలో నేనుంటే మొదటి రెండు మూడు నెలలు రెండు చేతులతోనే కాలుస్తాను, ఆ ఉలికిపాటు పోయేదాకా. ప్రతి ప్రాక్టీస్ చివర ఒక్క సిలిండర్, అంటే ఆరు రౌండ్లు, ఒంటిచేత్తో. పోటీలకే వెళ్లాలనుకుంటే తర్వాత పూర్తిగా ఒంటిచేతికి మారిపోవచ్చు. ఈలోగా ఇంట్లో సాధనకు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మంచిది. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉంటే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం దానికి లైసెన్స్ అక్కర్లేదు. దాన్నీ పోటీల్లో ఒంటిచేత్తోనే కాలుస్తారు కాబట్టి భుజం అలవాటు పడుతుంది. రివాల్వర్‌ని మాత్రం రేంజ్‌లో, కోచ్ ఎదుటే కాల్చండి.

ఈసారి వెళ్లినప్పుడు ఆ ఖోకాల పరీక్ష మీకూ పెట్టమని కోచ్‌ని అడగండి. ఒకసారి రెండు చేతులతో, ఒకసారి ఒంటిచేత్తో. టక్ మన్నప్పుడు మూతి ఎటు వంగిందో, ఎంత వంగిందో ఇక్కడ రాస్తే పట్టులో ఏం మార్చాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.